బ్రిటన్‌ని మారిషస్ ఎలా నిలదీసింది?

మారతహళ్ళి, బెంగళూరు

చిన్నీ, బుజ్జీ, కింద సైకిళ్ళు తొక్కే మిగతా మూకకీ,

మారిషస్‌లో ఉగాదికి సర్కారు సెలవు అంటే చిన్ని అడిగింది కదా: "అంత బుల్లి దేశం మాట ఎవరు వింటారు తాతయ్యా?" అని. జవాబు కాస్త పొడుగు, అందుకే ఉత్తరం.

మన అపార్టుమెంటే తీసుకోండి. పై అంతస్తు పెద్ద ఫ్లాటాయన, కింది సింగిల్ బెడ్‌రూమ్ వాళ్ళ పార్కింగ్ ఆక్రమించాడనుకోండి. గొడవకి దిగితే వీళ్ళు గెలవరు. జనరల్ బాడీ మీటింగులో మాత్రం ఫ్లాటుకి ఒక ఓటు. (కొన్నిచోట్ల చదరపు అడుగుల లెక్కన ఓట్లుంటాయి, అది వేరే బాధ.) ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 193 దేశాలు. మనకీ ఒకే ఓటు, మారిషస్‌కీ ఒకే ఓటు.

ఇక్కడ పార్కింగ్ అంటే హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవులు. మారిషస్‌కి 1968లో స్వాతంత్ర్యం వచ్చింది. అంతకు మూడేళ్ళ ముందే బ్రిటన్ ఆ దీవుల్ని విడదీసి, 30 లక్షల పౌండ్లు చేతిలో పెట్టి, తన దగ్గరే ఉంచేసుకుంది. అక్కడి జనాన్ని ఖాళీ చేయించి, వాటిలో ఒకటైన డియేగో గార్షియాలో అమెరికా సైనిక స్థావరానికి చోటిచ్చింది.

నేరుగా కేసు వేయొచ్చుగా అంటారు. అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు నడవాలంటే రెండు పక్షాలూ ఒప్పుకోవాలి. కామన్వెల్త్ (ఎక్కువగా పాత బ్రిటిష్ వలసల కూటమి) దేశాలతో తగాదాలకు రామని బ్రిటన్ ముందే మెలిక పెట్టుకుంది. మారిషస్ కామన్వెల్త్ దేశమే! 2010లో బ్రిటన్ ఆ దీవుల చుట్టూ సముద్ర రక్షిత ప్రాంతం ప్రకటిస్తే, మారిషస్ సముద్ర చట్టం కింద మధ్యవర్తుల దగ్గరికి వెళ్ళింది. ఆ ప్రకటన చట్టానికి విరుద్ధమని 2015లో తేల్చారు గానీ, దీవులు ఎవరివో చెప్పడం మా పరిధి కాదన్నారు.

అప్పుడు మీటింగు దారి పట్టింది. సర్వసభ్య సభ న్యాయస్థానాన్ని సలహా అడగొచ్చు, దానికి బ్రిటన్ అనుమతి అక్కర్లేదు. ఇక్కడుంది అసలు పనితనం. "దీవులు ఎవరివి?" అంటే ఇద్దరి తగాదా, మాకెందుకు అంటారు. "మారిషస్‌ని వలస పాలన నుంచి విడిపించే పని సక్రమంగా పూర్తయిందా?" అని అడిగారు. ఒకప్పుడు వలసగా ఉన్న ప్రతి దేశానికీ తగిలే ప్రశ్న అది. పైగా తీర్మానాన్ని ఆఫ్రికా దేశాల బృందం పేరున పెట్టించారు. పార్కింగ్ పోయినవాడు తానే అరవకుండా బ్లాకు మొత్తంతో అర్జీ పెట్టించినట్టు.

2017లో అనుకూలంగా 94, వ్యతిరేకంగా 15 ఓట్లు వచ్చాయి. తటస్థంగా 65 దేశాలు ఉండిపోయాయి. తటస్థులు లెక్కలోకి రారు. అందుకే, మనవైపు రాలేని దేశాన్ని కనీసం ఎదురు ఓటు వేయకుండా ఆపడం కూడా దౌత్యంలో సగం పని.

2019 ఫిబ్రవరిలో న్యాయస్థానం 13–1తో, ఆ పని చట్టబద్ధంగా పూర్తికాలేదని, బ్రిటన్ వీలైనంత త్వరగా తప్పుకోవాలని చెప్పింది. మే నెలలో సభ 116–6తో దాన్నే బలపరిచింది. వ్యతిరేకించిన ఆరింటిలో మాల్దీవులు ఉంది, చూశారా! తనూ చిన్న దీవుల దేశమే. చాగోస్‌తో తన సముద్రపు సరిహద్దు లెక్క తనకుంది మరి.

సలహాను పాటించి తీరాలన్న నిర్బంధం లేదు. కాబట్టి మినిట్స్‌లో రాసినదాన్ని లిఫ్టు పక్కన అంటించడమే మిగిలిన పని. 2020లో ఐక్యరాజ్యసమితి పటంలో చాగోస్ మారిషస్‌దిగా పడింది. 2021లో ఆ దీవుల పేర బ్రిటన్ వేసే స్టాంపులు ఇక చెల్లవని ప్రపంచ తపాలా సంఘం నిర్ణయించింది. స్టాంపులు పోగేసే పిల్లలకి అంతకన్నా పెద్ద వార్త ఉంటుందా!

2025 మే 22న ఒప్పందంపై సంతకాలయ్యాయి: దీవులు మారిషస్‌వి, డియేగో గార్షియా మాత్రం 99 ఏళ్ళ లీజు మీద బ్రిటన్ చేతిలోనే. అంటే స్థావరం కదలదు. సంతకమైనా, బ్రిటన్ పార్లమెంటు ఆమోదం లేనిదే అమలు కాదు. ఊరు పోగొట్టుకున్న చాగోస్ జనంలో చాలామందికి, మమ్మల్ని ఎవరూ అడగలేదన్న కోపం ఉంది. నాకూ అది న్యాయమైన కోపమే అనిపిస్తుంది.

మీ స్కూలు అట్లాసులో మాల్దీవులకి దక్షిణంగా వేలు జరిపి చూడండి. ఆ చుక్కల పక్కన ఏ దేశం పేరు వేశారో, ఆ అట్లాసు ఏ సంవత్సరంలో అచ్చయిందో రెండూ రాసి ఉంచండి.

మీ
తాతయ్య