ఆఖరి చక్కెర దాకా: సేజోన్ బీరు, దాని మొండి ఈస్టు

బీరు ఇష్టంగా తాగేవాళ్లలో కూడా సేజోన్ పేరు విన్నవాళ్లు తక్కువే. బెల్జియం దక్షిణ భాగంలో ఫ్రెంచి మాట్లాడే వలోనియా ప్రాంతం ఉంది. అందులోని ఎనో రాష్ట్రపు పల్లెల బీరు ఇది. లేత నారింజ రంగులో కాస్త మసకగా ఉంటుంది. గ్లాసులోకి వంచితే సగం గ్లాసు నురగే. ముక్కు దగ్గర పెట్టుకుంటే మిరియాలు, లవంగం, నిమ్మతొక్క వాసనలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నోట్లో పోసుకుంటే తీపి జాడ కూడా ఉండదు. గుక్క దిగాక నాలుక పొడిబారినట్టయి, ఇంకో గుక్క కావాలంటుంది. తమాషా ఏమిటంటే ఇందులో మిరియాలు, లవంగాలు, నిమ్మకాయ ఎవరూ వేయలేదు. ఉన్నది మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ (మాల్ట్), నీళ్లు, హాప్స్ అనే చేదు పూలు, చక్కెరను తిని ఆల్కహాలు చేసే సూక్ష్మజీవి ఈస్టు. అంతే.

సేజోన్ అనగానే అందరూ ముందు చెప్పే పేరు డ్యూపోన్. టూర్ప్ అనే చిన్న ఊళ్లో, పొలాల మధ్య ఉన్న బ్రూవరీ. అక్కడ 1844 నుంచీ బీరు కాస్తున్నారు. 1920లో ఆల్‌ఫ్రెడ్ డ్యూపోన్ అనే ఆయన ఈ పొలాన్నీ బ్రూవరీనీ కలిపి కొన్నాడు. కొడుకు లూయీ వ్యవసాయం చేసుకుంటానని కెనడా ప్రయాణం కడుతుంటే, వాణ్ణి ఇక్కడే కట్టిపడేయడానికి తండ్రి వేసిన ఎత్తు అది. ఆ కుటుంబమే ఇప్పటికీ దాన్ని నడుపుతోంది. వాళ్లు వాడే మాల్ట్ లేత రంగు పిల్స్‌నర్ మాల్ట్, చల్లగా పులియబెట్టే మామూలు లాగర్ బీర్లలో వాడే సరుకే. అందులోనే లాగర్ ఈస్టు వేస్తే మనకు తెలిసిన పసుపు రంగు బీరు వస్తుంది. సేజోన్‌ను సేజోన్ చేసేది దాని ఈస్టు. ఆ ఈస్టుకు మూడు అలవాట్లున్నాయి. పెద్ద బ్రూవరీల దృష్టిలో మూడూ దురలవాట్లే.

మొదటిది తిండి. ఇది అర్థం కావాలంటే బార్లీ గింజ దగ్గర మొదలుపెట్టాలి. తాటిచెట్టు నీరాలో చక్కెర సిద్ధంగా ఉంటుంది కాబట్టి కుండలో పడగానే పులియడం మొదలవుతుంది, మధ్యాహ్నానికల్లా కల్లు. బార్లీలో అలా కాదు, ఉన్నదంతా పిండి పదార్థం. ఈస్టు దాన్ని ముట్టుకోలేదు. అందుకే గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడతారు. మొలకెత్తేటప్పుడు గింజలో ఎమైలేజ్ ఎంజైములు తయారవుతాయి. తర్వాత ఆ మాల్ట్‌ను బరకగా దంచి వేడి నీళ్లలో కలిపితే, 65 డిగ్రీల దగ్గర ఆ ఎంజైములు పిండిని ముక్కలు చేస్తాయి. ఒక్క గ్లూకోజ్ ఉన్న ముక్కలు, రెండు కలిసిన మాల్టోజ్, మూడు కలిసిన మాల్టోట్రయోజ్, ఇంకా పొడవుగా, కొమ్మలు కొమ్మలుగా మిగిలిపోయే డెక్స్‌ట్రిన్లు. మామూలు బీరు ఈస్టు మూడు గ్లూకోజ్‌ల ముక్క దాకా లోపలికి లాక్కోగలదు. అంతకంటే పొడవైనది దాని గడప దాటదు. అలా మిగిలిన డెక్స్‌ట్రిన్లే బీరుకు చిక్కదనం, నోట్లో నిండుదనం. లెక్కలో చెప్పాలంటే మామూలు ఈస్టు ఈ మాల్ట్ రసంలో కరిగిన పదార్థంలో సుమారు 75 శాతం పులియబెట్టి ఊరుకుంటుంది.

సేజోన్ ఈస్టు ఊరుకోదు. 90 శాతం దాటుతుంది, కొన్ని రకాలు 95 దాకా వెళతాయి. శాస్త్రవేత్తలు వీటిని శాకరోమైసిస్ సెరివిసియే జాతిలోనే డయాస్టాటికస్ అనే రకంగా లెక్కిస్తారు. ఇవి గ్లూకోఅమైలేజ్ అనే ఎంజైమును కణం బయటికి, బీరులోకి వదులుతాయి. ఆ ఎంజైము డెక్స్‌ట్రిన్ గొలుసును కొసన పట్టుకుని ఒక్కొక్క గ్లూకోజ్‌నే కోసుకుంటూ వస్తుంది. కోసిన ముక్కను ఈస్టు తినేస్తుంది. గొలుసు అయిపోయేదాకా ఇదే వరస. మామూలు బీరు వారం రోజుల్లో తేలిపోతే, దీని పని నెలల తరబడి సన్నగా సాగుతూనే ఉంటుంది.

ఈ సామర్థ్యం ఎలా వచ్చిందన్నది నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి. దీనికి కారణమైన జన్యువు పేరు ఎస్‌టీఏ1. అది రెండు పాత జన్యువుల అతుకు. ఈస్టు కణంలో ఎస్‌జీఏ1 అనే జన్యువు ఉంది. తిండి కరువై కణం బీజాలు కట్టే సమయంలో, లోపల దాచుకున్న పిండిని కరిగించే ఎంజైమును ఇది తయారుచేస్తుంది. అంటే పూర్తిగా ఇంటిపని. ఎఫ్‌ఎల్‌ఓ11 అనే ఇంకో జన్యువు కణాలు ఒకదానికొకటి అతుక్కోవడానికి పనికొచ్చే ప్రొటీనును చేసి కణం బయటికి పంపుతుంది. ఎప్పుడో ఒకప్పుడు ఈ రెండో జన్యువు తల వచ్చి మొదటిదాని మొండేనికి అతుక్కుంది. ఇంట్లో ఉండాల్సిన ఎంజైముకు బయటికి వెళ్లే టికెట్ దొరికింది. 2019లో ఫిన్లండ్ పరిశోధకులు ఇంకో ముక్క కలిపారు. ఎస్‌టీఏ1 ఉన్న ఈస్టులన్నీ ఒకేలా తినవు. ఆ జన్యువును నడిపించే స్విచ్ లాంటి భాగంలో 1,162 అక్షరాల డీఎన్ఏ ఊడిపోయిన రకాలు నెమ్మదిగా, నామమాత్రంగా తింటాయి. స్విచ్ పూర్తిగా ఉన్నవే అసలు తిండిపోతులు.

ఈ ఈస్టు గురించి 1952లో ఆండ్రూస్, గిలిలాండ్ అనే ఇద్దరు రాసిన పరిశోధన పత్రం దీన్ని బీరును అసాధారణంగా పులియబెట్టే జీవిగా పరిచయం చేసింది. మెచ్చుకోలుగా కాదు, పట్టుబడ్డ దొంగను చూపించినట్టుగా. బ్రూవరీల టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే. ఒక చిన్న లెక్క వేసుకుందాం. చక్కెర పులిస్తే దాని బరువులో దాదాపు సగం కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. మామూలు బీరు సీసాలో లీటరుకు సుమారు 5 గ్రాముల గ్యాసు ఉంటుంది. మూత బిగించాక ఆ బీరులోకి పొరపాటున నాలుగు డయాస్టాటికస్ కణాలు చేరి, లీటరుకు 10 గ్రాముల డెక్స్‌ట్రిన్‌ను తీరిగ్గా తినేశాయనుకోండి. ఇంకో 5 గ్రాముల గ్యాసు పుడుతుంది. అంటే ఒత్తిడి రెట్టింపు. పల్చటి గాజు సీసాలు, డబ్బాలు దానికి తట్టుకోలేక పగులుతాయి. అందుకే సేజోన్ కాచే చోట చాలామంది దానికి పైపులు, గొట్టాలు విడిగా పెట్టుకుంటారు. సీసాల్లో నింపేముందు ఎస్‌టీఏ1 ఉందో లేదో పీసీఆర్ పరీక్ష చేయించుకునే బ్రూవరీలూ ఉన్నాయి. సేజోన్‌ను మాత్రం షాంపేన్ తరహా మందపు సీసాల్లో, కార్కు పెట్టి, తీగ చుట్టి అమ్మడం మామూలు.

రెండో అలవాటు వాసన. బార్లీ పొట్టులో ఫెరులిక్ ఆమ్లం ఉంటుంది. దానికి పెద్దగా రుచీ పచీ లేదు. పీఏడీ1, ఎఫ్‌డీసీ1 అనే రెండు జన్యువులు పనిచేసే ఈస్టు దాన్ని 4-వినైల్ గ్వయాకాల్‌గా మారుస్తుంది. లవంగం వాసన అక్కడ పుడుతుంది. హైదరాబాద్ మైక్రోబ్రూవరీల్లో జర్మన్ తరహా వీట్ బీరు తాగినవాళ్లకు ఇది తెలిసిన వాసనే, అణువు కూడా అదే. లాగర్ కాచేవాళ్లకు మాత్రం ఇది ఫినాల్ కంపు, బ్యాచ్ పారబోయాల్సిన తప్పు. 2016లో బెల్జియంలోని లూవెన్ పరిశోధకుల బృందం 157 ఈస్టు రకాల జన్యుక్రమాలు చదివి చూస్తే, బీరులో తరతరాలుగా వాడుతున్న చాలా రకాల్లో ఈ జన్యువుల్లో ఒకటో రెండూనో చెడిపోయి ఉన్నాయి. జన్యువు అంటే ఏమిటో ఎవరికీ తెలియని రోజుల్లోనే, లవంగం వాసన వచ్చిన పీపాలోని ఈస్టును పక్కనపెట్టి, రాని పీపాలోనిదాన్ని మళ్లీ వాడుకుంటూ మనుషులు చేసిన ఎంపిక అది. సేజోన్ ఈస్టు ఆ జల్లెడలోంచి తప్పించుకుంది.

మూడోది వేడి. కాస్త వెచ్చగా పులిసే ఏల్ రకం బీర్ల ఈస్టుకు 20 డిగ్రీల దగ్గర హాయి, లాగర్ ఈస్టుకు పదికి అటూఇటూ. 30 దాటితే చాలా ఈస్టులు నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి ఘాటు వాసనలు పుట్టిస్తాయి. డ్యూపోన్ ఈస్టు అదే 30 దాటిన వేడిలో చక్కగా, పళ్ల వాసనలతో పనిచేస్తుంది. చల్లగా ఉంచితేనే అలుగుతుంది. ఈ ఈస్టును కొనుక్కుని ఇళ్లలో బీరు కాచే అమెరికన్లు ఎన్నో ఏళ్లుగా ఒకటే గోల పెడుతుంటారు: మూడోవంతు పులిశాక అది నిలిచిపోతుంది, రెండు వారాలైనా కదలదు. గది వేడి పెంచితే మళ్లీ నిదానంగా నడుస్తుంది. పాత్రలో ఏర్పడే గ్యాసు ఒత్తిడి దానికి గిట్టదని, మూత బిగించకుండా వదిలేస్తే ఆగదని అనుభవం మీద కొందరు చెబుతారు. డ్యూపోన్ వాళ్ల తొట్లు లోతు తక్కువగా, చదరంగా ఉంటాయన్న సంగతితో ఈ మాట బాగానే పొసుగుతుంది. వాళ్లు సీసాలను కూడా నిలబెట్టకుండా పడుకోబెట్టి, వెచ్చని గదిలో కొన్ని వారాలు మాగనిస్తారు.

సేజోన్‌కు ఒక అందమైన పుట్టుక కథ ఉంది. చలికాలంలో పొలం పనులు తక్కువ, బీరును చెడగొట్టే బ్యాక్టీరియా కూడా తక్కువ. అందుకని రైతులు అప్పుడు బీరు కాచి పీపాల్లో దాచేవాళ్లు. ఎండాకాలం కోతలకు వచ్చే కూలీలకు అదే పోసేవాళ్లు. బీరు కాచగా మిగిలిన బార్లీ పిప్పి పశువులకు మేత. కథలో నిజం లేకపోలేదు, కానీ ఇవాళ సీసా మీద రాసి అమ్మేంత నున్నగా అది జరగలేదు. 19వ శతాబ్దపు రాతల్లో సేజోన్ అన్న పేరు లియేజ్ నగరపు బ్రూవరీల బీరుకు కూడా కనిపిస్తుంది. అప్పటి పొలం బీరులో ఆల్కహాలు ఇప్పటికంటే చాలా తక్కువ. డ్యూపోన్ సేజోన్‌లో ఇప్పుడున్నది 6.5 శాతం. ఎర్రటి ఎండలో అలాంటిది లీటర్ల లెక్కన పోస్తే కొడవలి గోధుమను కోస్తుందో పక్కవాడి కాలును కోస్తుందో చెప్పలేం. పైగా నెలల తరబడి చెక్క పీపాల్లో ఉన్న బీరులోకి లాక్టిక్ బ్యాక్టీరియా, బ్రెటనోమైసిస్ అనే అడవి ఈస్టు చేరక మానవు. కాబట్టి ఆ రోజుల సేజోన్ బాగా పుల్లగా ఉండి ఉంటుంది. ఇవాళ మనం తాగేది 20వ శతాబ్దంలో స్థిరపడ్డ రుచి. నీళ్లు మంచివి కావు కాబట్టి బీరు తాగేవాళ్లనే మాటను చరిత్రకారులు ఒప్పుకోరు. కూలీలు నీళ్లూ తాగారు.

1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచి చూపించాడు. దానికి తోడు శీతలీకరణ యంత్రాలు వచ్చాయి. ఆ తర్వాత ఫ్యాక్టరీ బీరంతా ఒకే రుచి దారి పట్టింది. సేజోన్ దాదాపు కనుమరుగైంది. 1980ల నాటికి డ్యూపోన్ అమ్మకాల్లోనే సేజోన్ వాటా చాలా చిన్నది. అమెరికా దిగుమతిదారులు అడగబట్టి అది నిలదొక్కుకుంది. ఇప్పుడు అమెరికాలో సేజోన్ పేరుతో ధనియాలు, గులాబీ రేకులు, అల్లం దాకా వేస్తున్నారు. నాకైతే అవి అనవసరం అనిపిస్తుంది. ఈస్టు చేతనైన పనిని మసాలా డబ్బాకు ఎందుకు అప్పజెప్పడం?

పొలం బీరు సంప్రదాయం బెల్జియం ఒక్కచోటే లేదు. ఫిన్లండ్‌లో సాహ్తి ఉంది, లిథువేనియాలో తడిపిన మాల్ట్‌ను రొట్టెల పొయ్యిలో కాల్చి చేసే కెప్టినిస్ ఉంది. నార్వే పశ్చిమ తీరపు పొలం ఈస్టు క్వైక్ మాత్రం ఇంకాస్త ఆగి చూడాల్సిన సంగతి. వోస్ వంటి చోట్ల రైతు కుటుంబాలు తమ ఈస్టును చెక్కముక్కలతో అల్లిన కడియాలకు పట్టించి, ఎండబెట్టి దాచుకునేవి. మళ్లీ బీరు కాచేటప్పుడు ఆ కడియాన్ని గోరువెచ్చని రసంలో ముంచితే చాలు. తమది పాడైతే, మనవాళ్లు పెరుగు తోడు అడిగినట్టు, పక్క పొలానికి వెళ్లి తెచ్చుకునేవాళ్లు. క్వైక్ 40 డిగ్రీల దగ్గర కూడా పనిచేస్తుంది, రెండు మూడు రోజుల్లో ముగిస్తుంది. 2018లో వచ్చిన జన్యు పరిశోధన వీటిని బీరు ఈస్టుల్లో విడి కుటుంబంగా తేల్చింది. ఇంకో సంగతి, క్వైక్ లవంగం వాసన పుట్టించదు, ఆ జన్యువులు అందులో పనిచేయవు. అంటే పొలం బీరంటే మచ్చిక కాని అడవి ఈస్టు అనుకోవడం పొరపాటు. నార్వే రైతులు తమకు నచ్చని వాసనను తామే ఏరిపారేశారు. వలోనియాలో ఆ వాసన మిగిలింది.

ఎక్కడైనా సేజోన్ సీసా దొరికితే ఐస్‌లో పెట్టకండి. మరీ చల్లబడితే వాసనలు ముడుచుకుపోతాయి. 8, 10 డిగ్రీలు చాలు. వంచేటప్పుడు గ్లాసును పక్కకు వాల్చి నెమ్మదిగా పోయాలి, లేకపోతే నురగ బల్ల మీదికి వస్తుంది. అడుగున మడ్డిలా ఉండేది ఈస్టే, దాన్ని ముందు వదిలేసి చివర కలుపుకుని తేడా చూడొచ్చు. పక్కన తిండి విషయంలో ఒక జాగ్రత్త. గ్యాసు నీటిలో కలిసి కార్బోనిక్ ఆమ్లమై నోటిలోని మంట నరాలను రేపుతుంది, మిరపకాయ చురుక్కుమనిపించేదీ ఆ నరాలనే. గుంటూరు కారం వేసిన కోడి వేపుడుతో ఇంత గ్యాసున్న బీరు తాగితే రెండూ కలిసి నోరు మంటెత్తిపోతుంది, లవంగం, నిమ్మ ఏవీ తెలియవు. ఉప్పు, మిరియం వేసి వేయించిన రొయ్యలైతే సరిగ్గా సరిపోతాయి.