కోనసీమ రైలు: బాలయోగి దాకా వచ్చి ఆగిన కథ

కోటిపల్లి–నరసాపురం రైల్వే లైను మళ్లీ వార్తల్లోకి ఎక్కింది. రాష్ట్రం తన 25 శాతం వాటా సక్రమంగా కట్టకపోవడం వల్లే పనులు సాగలేదని రైల్వే శాఖ ఏళ్లుగా చెబుతోంది. ఈ వాదులాటలో అన్ని పార్టీలవారూ తలచుకునే పేరు ఒకటే: గంటి మోహనచంద్ర బాలయోగి.

లోక్‌సభ స్పీకరైన తొలి దళితుడు ఆయనేనన్నదీ, 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిన రోజు ఆ స్థానంలో ఉన్నది ఆయనేనన్నదీ అందరికీ తెలుసు. ఈ రైలు కథకు మాత్రం 1996 ముఖ్యం. 1991లో అమలాపురం ఎంపీగా గెలిచిన బాలయోగి 1996లో ఓడిపోయారు. ముమ్మిడివరం ఉప ఎన్నికలో నెగ్గి శాసనసభకు వెళ్లారు, రాష్ట్ర ఉన్నత విద్యా మంత్రి అయ్యారు. ఓడిన మనిషికి సొంత జిల్లాకు దగ్గరగా దక్కిన మంత్రి పదవి అది. చాలామంది అక్కడే స్థిరపడతారు. ఆయన 1998లో దాన్ని వదిలి మళ్లీ లోక్‌సభకు పోటీ చేశారు. మార్చి 24న స్పీకర్ అయ్యేనాటికి వయసు 46 ఏళ్లు. హైదరాబాద్‌లో మంత్రిగానే ఉండిపోతే కోనసీమకు కళాశాలలు వచ్చేవేమో గానీ, రైలు మాట ఢిల్లీలో పలికేది కాదు.

2000–01 రైల్వే బడ్జెట్‌లో లైను మంజూరైంది. పొడవు సుమారు 57 కిలోమీటర్లే. దారిలో గోదావరి పాయలు గౌతమి, వైనతేయ, వశిష్ఠ అడ్డం. మూడింటి మీదా వంతెనలు కట్టాలి. అంతకుముందు రైలుతో ఈ ప్రాంతానికున్న అనుభవం చేదుది: గౌతమి ఎడమ గట్టున కోటిపల్లి దాకా వచ్చిన కాకినాడ లైను పట్టాలను 1940లో యుద్ధ అవసరాలకు పీకేశారు. అవి తిరిగి పడింది 2004లో.

మంజూరైన రెండేళ్లకు, 2002 మార్చి 3న, భీమవరం నుంచి బయలుదేరిన హెలికాప్టర్ కైకలూరు దగ్గర చెరువులో కూలి బాలయోగి కన్నుమూశారు.

కేంద్రానికి బాలయోగి పార్టీ తెలుగుదేశం బలం అవసరం కాబట్టే లైను వచ్చిందనే వాదన ఒకటుంది. 1999లో ఆ పార్టీకి 29 మంది ఎంపీలున్న మాట నిజమే. కానీ 2004లో ఈ రాష్ట్రం నుంచి కాంగ్రెస్‌కూ 29 మందే గెలిచారు, ఢిల్లీలో అధికారమూ వారిదే. అయినా లైను కదలలేదు. అంకె అదే, అడిగే మనిషే లేడు.

అంచనా వ్యయం రెండు వేల కోట్లు దాటింది. ఆలస్యమైన ప్రతి ఏడాదీ రాష్ట్రం కట్టాల్సిన నాలుగో వంతు కూడా పెరుగుతూ పోయింది. వాటా కట్టలేదని చెప్పే రైల్వే శాఖ ఈ సంగతి చెప్పదు. కేంద్రమే మొత్తం భరించాలని రాష్ట్రం కోరింది కూడా. మూడు నదీపాయల మీద వంతెనల ఖర్చును మామూలు నేల మీది లైను లెక్కన పంచడం న్యాయం కాదని ఇక్కడివారు అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పినవారు లేరు.

ముక్తేశ్వరం రేవులో మనుషులను, మోటారు సైకిళ్లను కలిపి ఎక్కించుకుని పంటు కోటిపల్లికి దాటుతుంది. వరదొస్తే ఆపేస్తారు. ఏళ్ల తరబడి జనం ఆ పంటు మీద నిలబడి, నడి గౌతమిలో పైన ఏమీ లేకుండా నిలిచిన రైలు వంతెన స్తంభాలను చూస్తూ దాటారు. దిగువన బాలయోగి స్వగ్రామం ఎదుర్లంక దగ్గర యానాంకు కట్టిన రోడ్డు వంతెనకు ఆయన పేరే పెట్టారు. దాని మీద బస్సులు తిరుగుతున్నాయి.