డిక్కీ కోసిన నాలుగు మీటర్ల గీత

2008లో వచ్చిన మొదటి మారుతి డిజైర్ కారు పొడవు 4,160 మి.మీ., డిక్కీ 440 లీటర్లు. 2012లో వచ్చిన రెండో డిజైర్ పొడవు 3,995 మి.మీ., డిక్కీ 316 లీటర్లు. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, మాత్రం 40 మి.మీ. పెరిగింది. అంటే లోపల కూర్చునే చోటును ముట్టుకోకుండా, వెనక డిక్కీని కత్తిరించారన్నమాట. కొత్త మోడల్ పాతదానికన్నా కాస్త పెద్దగా రావడం ఆనవాయితీ. ఇది చిన్నదై రావడానికి కారణం బడ్జెట్ కాగితాల్లో ఉంది.

2006 ఫిబ్రవరి 28న ఆర్థికమంత్రి చిదంబరం ప్రవేశపెట్టిన బడ్జెట్ 'చిన్న కారు'ను కొలతలతో నిర్వచించింది. పొడవు 4,000 మి.మీ. మించకూడదు. ఇంజిన్ పెట్రోలుదైతే 1,200 సీసీ, డీజిల్‌దైతే 1,500 సీసీ దాటకూడదు. వీటికి లోబడితే ఎక్సైజ్ సుంకం 24 శాతం బదులు 16 శాతం. 2008లో అది 12కి దిగింది. పరిశ్రమ సంఘం సియామ్ అప్పటికే కార్లను పొడవును బట్టి మెట్లుగా పేర్చింది: 3,400 మి.మీ. వరకు ఏ1, 4,000 వరకు ఏ2, 4,500 వరకు ఏ3. యూరప్‌లోనూ ఏ, బీ, సీ అక్షరాలున్నాయి కానీ ఇన్ని మిల్లీమీటర్లకు ఇదీ అనే గీత వాటికి లేదు. ఇక్కడ ఏ2 చివరి మెట్టు మీదే పన్ను గీత పడింది. లెక్కలకు వాడే కొలత కాస్తా డిజైనర్ చేతిలో కత్తెర అయింది.

టాటా ఇండిగో కారు తోక కోసి 3,988 మి.మీ.కు తెచ్చిన ఇండిగో సీఎస్ ఈ దారిలో ముందు నడిచింది. ఇకోస్పోర్ట్ 3,999, బ్రెజా 3,995, నెక్సాన్ 3,994: ఈ అంకెలు యాదృచ్ఛికం కావు. పెట్రోలు ఇంజిన్లు 1,197, 1,199 సీసీ దగ్గర గుమిగూడటమూ అందుకే. స్విఫ్ట్‌లో 1,298 సీసీ ఇంజిన్ పోయి 2010లో 1,197 సీసీది వచ్చింది.

2013 బడ్జెట్ ఎస్‌యూవీల మీద సుంకాన్ని 27 నుంచి 30 శాతానికి పెంచింది. పొడవు 4,000 మి.మీ., ఇంజిన్ 1,500 సీసీ దాటి, గ్రౌండ్ క్లియరెన్స్ (నేల నుంచి బండి అడుగు భాగం వరకు ఎత్తు) 170 మి.మీ. లేదా అంతకుమించి ఉంటేనే ఆ రేటు. మహీంద్రా తన ఎక్స్‌యూవీ500లో డబ్ల్యూ4 అనే రకాన్ని 160 మి.మీ.కు దించి తప్పించుకుంది. ఆ ఎత్తు ఖాళీ బండికి కొలవాలా, బరువేసి కొలవాలా అన్న తగువు జీఎస్టీలోకీ పాకింది. ఖాళీ బండికేనని 2023 జులైలో జీఎస్టీ కౌన్సిల్ తేల్చింది.

2017లో జీఎస్టీ వచ్చినా గీత చెరగలేదు. పెట్రోలు, డీజిల్ కార్లన్నిటికీ 28 శాతం, పైన సెస్సు. ఆ సెప్టెంబరు సవరణ తర్వాత చిన్న పెట్రోలు కారుకు మొత్తం 29, చిన్న డీజిల్‌కు 31, మధ్యస్థానికి 45, పెద్దదానికి 48, ఎస్‌యూవీకి 50 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు పోయి రెండే మిగిలాయి: చిన్నదానికి 18, మిగతావాటికి 40.

పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలో దీన్ని కళ్లారా చూడొచ్చు. అక్కడ తయారయ్యే సోనెట్ 3,995 మి.మీ.; మొదటి సెల్టోస్ 4,315. రెండింటిలోనూ అదే 1,493 సీసీ డీజిల్ ఇంజిన్. ఒకదానికి 31, రెండోదానికి 45 శాతం పడేది. ఇప్పుడు 18, 40. ఇంజిన్‌లో తేడా లేదు, పొడవులోనే ఉంది.

కొనేవాళ్లు పొరబడేది ఇంకోచోట. 'నాలుగు మీటర్ల లోపు' అని ప్రకటనలో ఉన్నంత మాత్రాన చిన్న కారు రేటు పడదు. 2020లో బ్రెజాకు వచ్చిన పెట్రోలు ఇంజిన్ 1,462 సీసీ, పొడవు మాత్రం 3,995. సీసీ దాటింది కాబట్టి పెద్ద పన్నే. బ్రోచర్‌లో పొడవు, సీసీ, ఇంధనం మూడూ కలిపి చూసుకోవాలి. ఆర్‌టీఏ లైఫ్ ట్యాక్స్‌కు ఈ కొలతల గొడవ లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది ధర శ్లాబును బట్టే.

ఎలక్ట్రిక్ కార్లకు పొడవు ఎంతైనా జీఎస్టీ 5 శాతమే. మహీంద్రా ఎక్స్‌యూవీ300 పొడవు 3,995 మి.మీ.; దాని మీదే కట్టి 2023లో అమ్మకానికి తెచ్చిన ఎలక్ట్రిక్ ఎక్స్‌యూవీ400 పొడవు 4,200. రెండింటి వీల్‌బేస్ 2,600 మి.మీ. గీత లేనిచోట తోక మళ్లీ మొలిచింది.