చివరి కుళాయి దాకా

బంగారు మనవలకి,

తాతయ్య రాస్తున్నా. మొన్న ఫోన్లో పెద్దోడు అడిగాడు కదా, "తాతయ్యా, నువ్వు ముప్పై ఏళ్ళు మునిసిపాలిటీలో చేశావంట, అసలు మునిసిపాలిటీ ఏం చేస్తుంది" అని, వెనకాల నుంచి చిన్నది "చెత్త ఎత్తుతుంది అంతే కదా" అని అరిచింది. సిగ్నల్ సరిగ్గా లేక రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను గానీ ఆ ప్రశ్న రెండ్రోజులుగా మనసులో తిరుగుతూనే ఉంది. అందుకే కూర్చుని రాస్తున్నా. పొడుగవుతుంది, ఒకేసారి చదవకపోయినా పర్లేదు.

నేను చేసింది నీళ్ళ విభాగంలో, కాబట్టి అక్కణ్ణించే మొదలెడతా. మీరు పొద్దున్నే కుళాయి తిప్పుతారు, నీళ్ళొస్తాయి, పళ్ళు తోముకుంటారు. ఆ నీళ్ళు మీ దాకా రావడానికి ముందు రాత్రంతా ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు. నది నుంచో చెరువు నుంచో తోడిన నీళ్ళు మట్టిరంగులో ఉంటాయి, వాటిలో పటిక కలిపితే కంటికి కనపడని మట్టి రేణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దలై అడుక్కి దిగిపోతాయి, పైన తేరిన నీటిని ఇసుక పరుపుల్లోంచి వడగడతారు, ఆ తర్వాత క్లోరిన్ కలిపి పెద్ద ట్యాంకుకి ఎక్కిస్తారు. ట్యాంకు అంత ఎత్తున ఎందుకు కడతారో తెలుసా, నీళ్ళు వాటి బరువు మీదే ఊరంతా పరిగెత్తాలి, ఇంటింటికీ మోటారు పెట్టి నెట్టక్కర్లేకుండా.

ఇక్కడిదాకా మీ పుస్తకాల్లో ఉంటుంది. నేను చెప్పాలనుకున్నది దీని తర్వాత సంగతి.

మా పనిలో "టెయిల్ ఎండ్" అనే మాట ఉంది. ట్యాంకు నుంచి బయల్దేరిన పైపు ఏ సందులో ఎక్కడ ఆగిపోతుందో, ఆ ఆఖరి ఇంటి కుళాయి అన్నమాట. నీళ్ళు బాగున్నాయో లేదో పరీక్ష చేయడానికి మేము ట్యాంకు దగ్గరొక్కటే చూసుకుని ఊరుకునేవాళ్ళం కాదు, ఆ చివరి ఇంటికి పోయేవాళ్ళం. చేతిలో చిన్న పెట్టె, అందులో గాజు గొట్టం. గొట్టంలో గీత దాకా నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉంటే పసుపు రంగు తిరుగుతుంది, ఆ రంగుని పెట్టెలో ఉన్న రంగులతో పక్కపక్కన పెట్టి వెలుతురుకి ఎత్తి చూస్తే ఎంత ఉందో తెలుస్తుంది. ఈ మధ్య వచ్చే మందుకి గులాబీ రంగు వస్తోంది. ఇంటి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములన్నా మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఎందుకు మిగలాలి అంటే, క్లోరిన్ దారిలో క్రిముల్ని చంపుతూ తనూ ఖర్చయిపోతూ వస్తుంది, చివరి ఇంటి దగ్గర ఇంకా కొంచెం మిగిలిందంటే దారంతా బాగానే ఉందన్న ధైర్యం. అక్కడ రంగు తిరగలేదనుకోండి, మధ్యలో ఎక్కడో పైపు పగిలి మురుగు కలుస్తుందేమోనని ఆ రోజంతా జాయింటు జాయింటూ వెతుక్కుంటూ వెనక్కి నడవాల్సిందే. రోజుకి గంటో రెండు గంటలో నీళ్ళొదిలే చోట ఇది మరీ ముఖ్యం, నీళ్ళు ఆగిపోయాక ఖాళీ పైపు గాలిని పీల్చినట్టు చుట్టుపక్కల తడిని కూడా చిల్లుల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది. అలాంటి చోట మొదట వచ్చిన నీళ్ళు కాసేపు వదిలేసి ఆ తర్వాతే పట్టుకోమని అందుకే చెప్తాం.

ఒక తప్పు మీకు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఎండాకాలం నీళ్ళు తక్కువగా ఉన్నాయని వేళలు కుదించాం. ఫలానా లైనుకి ఫలానా టైముకి వాల్వు తిప్పాం అని రిజిస్టర్లో రాసి సంతకం పెట్టేవాణ్ణి. మూడో రోజు ఒక ముసలావిడ ఖాళీ బిందె చంకలో పెట్టుకుని ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడింది. మూడు రోజుల్నుంచి చుక్క లేదు నాయనా అంది. నేను రిజిస్టరు తిప్పి "రోజూ ఇచ్చామమ్మా, ఇదిగో" అని చూపించా. ఆవిడకి చదువు రాదు, ఆ పేజీ వంకే చూస్తూ కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. సాయంత్రం మనసు ఊరుకోక వాళ్ళ సందుకి వెళ్ళి చూస్తే, పైన ఉన్న ఇళ్ళలో నలుగురు లైనుకే మోటార్లు పెట్టి లాగేస్తున్నారు, నీళ్ళు ఆ సందు మలుపు దాకా కూడా రావట్లేదు. నేను వాల్వు తిప్పిన మాట నిజమే, ఆవిడ కుళాయి మూడు రోజులు ఎండిన మాటా నిజమే. మర్నాటి నుంచి నా రిజిస్టర్లో ఇంకో గడి గీసుకున్నా, "చివరి ఇంటికి అందిన టైము" అని. అది ఆఫీసులో కూర్చుని నింపలేం, పోయి చూసి రావాల్సిందే.

మునిసిపాలిటీ ఏం చేస్తుంది అంటే నాకు తోచే జవాబు ఆ గడిలోనే ఉందిరా పెద్దోడా. ఒక్క ఇల్లు తనకోసం తాను ఫిల్టరు కట్టుకోలేదు, మురుగు కాలువ తవ్వుకోలేదు, రోడ్డుకి దీపం పెట్టుకోలేదు, డబ్బున్నవాళ్ళు కొన్ని చేసుకున్నా అవి వాళ్ళ గేటు దగ్గరే ఆగిపోతాయి. అందరూ ఇంటి పన్ను అని తలా ఇంత వేసుకుని ఆ పనుల్ని ఒక చోట అప్పజెప్పారు, అదే మునిసిపాలిటీ. మరి అప్పజెప్పిన పని ఆఖరి ఇంటి దాకా జరిగిందా లేదా అన్నదే అసలు లెక్క.

ఆఖరి ఇంటిని వదిలేస్తే ఏమవుతుందో లండన్ కథ చెప్తా. 1854లో అక్కడ బ్రాడ్ స్ట్రీట్ అనే వీధిలో కలరా వచ్చి పది రోజుల్లో ఐదొందల మందికి పైగా పోయారు. అప్పట్లో చాలామంది డాక్టర్లు చెడు గాలి వల్లే కలరా అనుకునేవాళ్ళు. జాన్ స్నో అనే డాక్టరు మాత్రం చనిపోయినవాళ్ళ ఇళ్ళు ఎక్కడెక్కడో చూసుకుంటూ పోయి, వాళ్ళలో చాలామంది ఒకే చేతిపంపు నీళ్ళు తాగారని గుర్తుపట్టాడు. ఆయన మాట మీద అక్కడి స్థానిక బోర్డువాళ్ళు సెప్టెంబర్ 8న ఆ పంపు పిడి ఊడదీయించారు. ఈ కథలో ఇంకొకాయన ఉన్నాడు, హెన్రీ వైట్‌హెడ్ అని ఆ పేటలో చర్చి ఫాదరు. మొదట స్నో మాట నమ్మలేదు, తప్పని నిరూపిద్దామనే బయల్దేరాడు, కానీ ఆ పేటలో ప్రతి ఇల్లూ ఎరిగిన మనిషి కాబట్టి గడప గడపకీ పోయి అడిగాడు, చివరికి ఒక పసిబిడ్డ విరేచనాల గుడ్డలు ఉతికిన నీళ్ళు పంపు పక్కనే ఉన్న గుంటలో పోశారని, అక్కణ్ణించే బావిలోకి దిగిందని బయటపడింది. డాక్టరు చదువూ, పేట మనుషుల్ని ఎరిగినాయన తిరుగుడూ రెండూ కలిస్తేనే ఆ ముడి విడింది, నాకు ఈ కథలో బాగా నచ్చేది ఇదే.

తర్వాత 1858 ఎండాకాలంలో థేమ్స్ నది కంపుకి పార్లమెంటులో కూర్చోలేని పరిస్థితి వస్తే గానీ డబ్బు మంజూరు కాలేదు. బజల్జెట్ అనే ఇంజనీరు నగరం కింద పెద్ద మురుగు సొరంగాలు కట్టించాడు. 1866లో మళ్ళీ కలరా వచ్చింది. ఈసారి నగరంలో ఎక్కువ భాగం తప్పించుకుంది, తూర్పు లండన్ మాత్రం తప్పించుకోలేదు. ఎందుకంటే కొత్త మురుగు లైను పని అక్కడికి ఇంకా పూర్తి కాలేదు, పైగా వాళ్ళకొచ్చే నీళ్ళు వడకట్టకుండా వదిలారు. ఐదు వేల మందికి పైగా చనిపోయారు, ఎక్కువగా పేదవాళ్ళు. పని చివరిదాకా రాలేదు, అంతే. ఆ సంవత్సరం గురించి చదివినప్పుడల్లా నాకు ఆ బిందె పట్టుకుని నిలబడ్డ ఆవిడే కళ్ళముందు మెదుల్తుంది.

చిన్నదానా, చెత్త సంగతి అన్నావుగా, అదీ చెప్తా. బ్రెజిల్లో కురిటిబా అనే నగరం ఉంది, అక్కడ పేదల బస్తీల్లో సందులు ఎంత ఇరుకంటే చెత్త బండి లోపలికి పోలేదు. బండి రాదు కాబట్టి చెత్త వాగుల్లోకి, ఖాళీ స్థలాల్లోకి. బండి రాకపోతే మేమేం చేస్తాం అని మునిసిపాలిటీ చేతులెత్తేయలేదు, మీరే బండి ఆగే చోటికి తెచ్చివ్వండి, ఊరికే వద్దు, బదులు ఇస్తాం అంది. 1991 నుంచి అక్కడ మళ్ళీ వాడుకోగల చెత్త నాలుగు కిలోలు తెస్తే కిలో కూరగాయలో పళ్ళో ఇచ్చారు. ఆ కూరగాయలు దగ్గర్లోని చిన్న రైతుల దగ్గర మిగిలిపోయేవి కొన్నవే, అంటే రైతుకీ మేలు. బండి పోలేని చోటికి ఆలోచన పోయింది చూడండి.

ఇంకా చాలా ఉన్నాయి, అన్నీ రాస్తే చేతి నొప్పి. బిడ్డ పుట్టగానే పేరు రిజిస్టర్లో ఎక్కించడం ఒకటి, 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం ఏడో ఆర్టికల్లో పుట్టిన వెంటనే నమోదు చేయాలని రాశారు, ఆ కాగితం లేకపోతే బడిలో చేరడం దగ్గర్నుంచీ ప్రతిచోటా తిప్పలే. టీకాలు, వీధి దీపాలు, ఫైరింజను. లైబ్రరీ కూడా, అమెరికాలో పీటర్‌బరో అనే చిన్న ఊరు 1833లోనే పన్ను డబ్బుతో అందరికీ ఉచితంగా పుస్తకాలిచ్చే లైబ్రరీ పెట్టుకుంది, ఊళ్ళో కొనుక్కోలేని పిల్లాడు కూడా చదవాలని.

పైపులు, బండ్లు ఒకెత్తు, మనుషులు ఒకెత్తు. 1995 జూలైలో షికాగోలో వడగాడ్పులొచ్చాయి, ఒక రోజైతే 41 డిగ్రీలు దాటింది. ఆ వారంలో మామూలుగా కంటే సుమారు 739 మంది ఎక్కువ చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు. దొంగల భయానికి కిటికీలు కూడా బిగించుకుని గదిలో ఒక్కళ్ళే ఉండిపోయారు, కొందరు పోయిన సంగతి కూడా ఎవరికీ తెలియలేదు. తర్వాత ఆరా తీస్తే తేలిందేంటంటే, బీదరికంలో ఒకేలా ఉన్న పక్కపక్క పేటల్లో కూడా, వీధిలో జనం తిరుగుతూ, దుకాణాలు తెరిచి ఉండి, ముసలివాళ్ళు బయటికి రావడం అలవాటున్న పేటలో చావులు బాగా తక్కువ. 1999లో మళ్ళీ అలాంటి ఎండలొస్తే ఈసారి నగరం వాళ్ళు చల్లగా కూర్చునే చోట్లు తెరిచారు, అక్కడికి పోవడానికి ఉచితంగా బస్సులు పెట్టారు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి ఫోన్లు చేశారు, ఎత్తకపోతే ఇంటికి మనిషిని పంపారు. చావులు అప్పుడూ ఉన్నాయి గానీ సుమారు నూటపది, అంటే ఎంత తేడానో చూడండి. ఒక ఫోను, ఒక తలుపు తట్టడం. ఇది చేయడానికి ఇంజనీర్లు అక్కర్లేదు, ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉన్నారో తెలిసిన పక్కింటివాళ్ళు కావాలి. నాకూ వయసు మీద పడింది కాబట్టేమో, మునిసిపాలిటీలు చేసే పనుల్లో ఇప్పుడు నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తున్నది ఇదే.

డబ్బు దేనికి ముందు ఖర్చు పెట్టాలో ఎవరు చెప్తారు అని మీకు డౌటు రావాలి. మామూలుగా కౌన్సిలు చెప్తుంది. బ్రెజిల్లోనే పోర్టో అలెగ్రే అనే ఊళ్ళో 1989లో కొత్త పద్ధతి మొదలెట్టారు, పేటల్లో జనం సమావేశమై మాకు ముందు రోడ్డు కావాలా నీళ్ళా మురుగు కాలువా అని చేతులెత్తి చెప్పేవాళ్ళు, ఏ పేటకి సౌకర్యాలు తక్కువగా ఉన్నాయో ఆ పేటకి లెక్కలో ఎక్కువ మార్కులు పడేవి. తర్వాత ఎన్నో దేశాల్లో ఎన్నో ఊళ్ళు దాన్ని పట్టుకున్నాయి. మీటింగుకి పోనివాళ్ళ సందు ఆ లెక్కలో వెనకబడుతుంది, అందుకే మీరు పెద్దయ్యాక మీటింగంటే బోరు అనకండి.

మీరు ఇప్పుడే చేయగలిగేది ఒకటుంది. ఏదైనా పాడైతే ఫిర్యాదు సరిగ్గా రాయడం. నా బల్ల మీదికి ఎన్నో కాగితాలొచ్చేవి, "మా వీధిలో నీళ్ళు రావట్లేదు, చర్యలు తీసుకోగలరు" అని. ఏ వీధి, ఏ ఇల్లు, ఎప్పట్నుంచి, అస్సలు రావట్లేదా సన్నగా వస్తున్నాయా, పక్కింటికి వస్తున్నాయా, ఇవేవీ ఉండవు, మనిషిని పంపితే వాడు ఎక్కడ చూడాలో తెలియక తిరిగొస్తాడు. పక్కింటికి వచ్చి మీకు రాకపోతే తప్పు మీ ఇంటి పైపులో, వరసగా ఎవరికీ రాకపోతే లైన్లో, ఆ ఒక్క ముక్కతో సగం పని అయిపోతుంది. దీపం వెలగకపోతే స్తంభం మీద నంబరుంటుంది, అది రాయాలి. ఫిర్యాదు ఇచ్చాక దాని నంబరు అడిగి రాసుకోవాలి, వారం తర్వాత ఆ నంబరు చెప్పి మళ్ళీ అడగాలి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. ఆ రోజు ఆ ముసలావిడ బల్ల దాకా రాకపోయి ఉంటే నేను ఇంకెన్నాళ్ళు సంతకాలు పెట్టుకుంటూ కూర్చునేవాణ్ణో.

పెద్దోడా, మీ వీధి మలుపు దగ్గర దీపం నెల నుంచి వెలగట్లేదని అమ్మ చెప్పింది. పగటిపూట పోయి స్తంభం నంబరు చూసుకుని రా, చెల్లిని కూడా తీసుకెళ్ళు, చీకట్లో వద్దు. ఉత్తరం నువ్వే రాయి, నాకు ఫొటో తీసి పంపితే చూసిపెడతా. చిన్నదానికి నా పాత గాజు గొట్టం పెట్టె బాగు చేయించి ఉంచుతా, దాంట్లో పడే మందు కొత్తది తెప్పిస్తాలే. సెలవులకి వచ్చినప్పుడు పొద్దున్నే నీళ్ళొదిలే టైముకి లేస్తానంటే ఇద్దర్నీ మా లైను చివరింటికి తీసుకెళ్తా, రంగు తిరుగుతుందో లేదో మీ కళ్ళతో మీరే చూద్దురుగాని.

మీ తాతయ్య