పడిపోయిన చెరకు పచ్చగా ఉంటే చాలదు

అనకాపల్లి చుట్టుపక్కల చెరకు తోటలు చూసుకోవడమే నా ఉద్యోగం. తుఫాను వెళ్ళిన ప్రతిసారీ ఒకే మాట వింటాను: "తోట పడింది గానీ పచ్చగానే ఉందండీ. ఇంకో రెండు నెలలు ఉంచితే బరువెక్కుతుంది." రైతును ఏమీ అనను. ఏడాది పెట్టుబడి నేల మీద పడి ఉంటే ఏదో ఒక ఆశ కావాలి. ఈ మాటను ఊరూరా మోసేవారి మీదే నా కోపం.

అపోహ: ఆకు పచ్చగా ఉంటే గడలో తీపి ఉన్నట్టే.

వాస్తవం: ఎదగడానికి చెరకుకు వేడి, తేమ కావాలి. పక్వానికి రావడానికి చలి రాత్రులు, ఆరిన నేల కావాలి. ఎదుగుదల నెమ్మదిస్తేనే ఆకు తయారుచేసిన చక్కెర గడలో నిలుస్తుంది. కోత ముందు ముసురు పడితే మొక్క మళ్ళీ ఎదగడం మొదలుపెట్టి, దాచుకున్నది ఖర్చు చేస్తుంది. పడిన గడ సంగతి మరీ అన్యాయం. కణుపుల్లో వేర్లు దిగుతాయి, కన్నులు మొలకెత్తుతాయి, ఎలుకలు కొరుకుతాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటింది. ఆ తర్వాత నాకు బాగా తెలిసిన ఒక రైతు పడిన తోటను ఫిబ్రవరి దాకా ఉంచాడు. రసం చిక్కదనాన్ని మీటరుతో కొలిచే బ్రిక్స్ చూస్తే ఫర్వాలేదనిపించింది. కానీ రసంలో కరిగి ఉన్నదంతా బ్రిక్స్ లెక్కలోకి వస్తుంది. చక్కెర విరిగి గ్లూకోజుగా మారినా ఆ మీటరు పట్టుకోలేదు. బెల్లం వండితే పాకం దిమ్మ కట్టలేదు. చిక్కుపడిన గడలు నరకడానికి కూలీలు ఎక్కువ అడిగారు. పెనం దగ్గర ఆయన మాట్లాడకుండా కూర్చున్న తీరు నాకింకా గుర్తుంది.

అందుకే ముందు మురుగు నీరు తీయండి. విరిగినవీ పడినవీ ముందు కొట్టించండి, కోతకు అనుమతిచ్చే కటింగ్ ఆర్డరు కోసం ఫ్యాక్టరీని గట్టిగా అడగండి. కొట్టిన గడ ఒక్కరోజులో గానుగకు చేరాలి. జడచుట్లు, అంటే గడలు పడకుండా ఆకులతో కలిపి కట్టే కట్లు మాత్రం తుఫానుల కాలం రాకముందే వేయాలి.

అపోహ: నా తోట రికవరీని బట్టి, అంటే నా చెరకు నుంచి వచ్చే చక్కెర శాతాన్ని బట్టి నాకు ధర.

కాదు, ఫ్యాక్టరీ మొత్తం రికవరీని బట్టి. 2025–26 సీజనుకు కేంద్రం ప్రకటించిన ఎఫ్‌ఆర్‌పీ (ఫ్యాక్టరీ రైతుకు ఇవ్వాల్సిన కనీస ధర) 10.25 శాతం రికవరీకి క్వింటాలుకు 355 రూపాయలు, 9.5 శాతం కంటే తక్కువైతే 329.05 రూపాయలు. వాతావరణం చెడి ఫ్యాక్టరీ రికవరీ పడితే, తోట నిలబడిన రైతుకూ ధర తగ్గుతుంది.

అపోహ: ఎండ చెరకును ఏమీ చేయదు.

ముదురు తోట కొంత తట్టుకుంటుంది. లేత తోటలో వేసవి బెట్ట పడితే లేత మొవ్వును తొలిచే పీక పురుగు విజృంభిస్తుంది. నాటిన మూడో రోజున ఎకరాకు టన్నుంబావు చెరకు చెత్త పరిస్తే తేమ నిలుస్తుంది, పురుగూ తగ్గుతుంది. ఆ చెత్తను చాలామంది పొలంలోనే తగలబెట్టేస్తున్నారు.