వేలంలో కోట్లు, కళాకారుడికి సున్నా: నల్లజాతి చిత్రకళపై అపోహలు - వాస్తవాలు

అమెరికాలో నల్లజాతి చిత్రకారుడి బొమ్మ వేలంలో రికార్డు కొట్టిందని వార్త వస్తే చాలు, "ఇంకెక్కడి వివక్ష, కోట్లు గడిస్తున్నారుగా!" అంటారు. చిత్రకళ చదువుకున్నవాళ్ల నోటా ఇదే మాట. ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: వేలం డబ్బు కళాకారుడికి చేరుతుంది.

వాస్తవం: చేరదు. నల్లజాతి చిత్రకారుడు కెర్రీ జేమ్స్ మార్షల్ 1997లో వేసిన 'పాస్ట్ టైమ్స్'ను షికాగోలోని మెకార్మిక్ ప్లేస్ అనే సమావేశ కేంద్రాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ 25 వేల డాలర్లకు కొంది. 2018 మేలో న్యూయార్క్‌లో సోథబీస్ వేలం సంస్థ దగ్గర అది 2.11 కోట్ల డాలర్లకు పోయింది. అందులో పాట 1.85 కోట్ల దగ్గర ఆగింది. మిగతాది కొన్నవారి నుంచి వేలం సంస్థ తీసుకునే ప్రీమియం. మళ్లీ అమ్మినప్పుడు బొమ్మ వేసిన మనిషికి వాటా ఇవ్వాలని అమెరికా ఫెడరల్ చట్టంలో లేదు. కాలిఫోర్నియా 1976లో 5 శాతం ఇప్పించే చట్టం తెచ్చింది కానీ, 2018కల్లా కోర్టులు దాన్ని దాదాపు చంపేశాయి.

తెల్ల కళాకారులకూ ఇదే చట్టం కదా అంటారు. నిజమే. కానీ నల్లజాతివాళ్లకు గ్యాలరీల తలుపులు తెరుచుకునేసరికి సగం జీవితం గడిచిపోయేది. తొలినాటి బొమ్మలు అప్పటికే చవగ్గా చేతులు మారేవి. నల్లజాతి చిత్రకారిణి ఆల్మా థామస్‌కు న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో సోలో షో దక్కింది 1972లో, 80 ఏళ్ల వయసులో. మరో నల్లజాతి చిత్రకారుడు నార్మన్ లూయిస్ 1979లో చనిపోతే, ఆయన జీవితకాలపు పనినంతా చూపిన పెద్ద మ్యూజియం ప్రదర్శన 2015లో గానీ రాలేదు. ధర పెరిగేనాటికి బొమ్మ ఎవరి చేతిలో ఉందో, లాభం వాళ్లదే.

అందుకే ఈ వాటా సంగతి మొదటి అమ్మకం దగ్గరే రాయించుకోవాలి. 1971లో న్యూయార్క్ కళా నిర్వాహకుడు సేత్ సీగెలాబ్, లాయర్ బాబ్ ప్రొజాన్‌స్కీ తయారుచేసిన నమూనా ఒప్పందంలో, మళ్లీ అమ్మినప్పుడు పెరిగిన విలువలో 15 శాతం కళాకారుడికి వస్తుంది. కొత్తగా కొన్నవారూ దాని మీద సంతకం చేయాలి. ఆ సంతకం లేకుండా బొమ్మ చేయి మారిందంటే వసూలు కష్టం. గ్యాలరీ సాధారణంగా సగం తీసుకుంటుంది. కాబట్టి డిస్కౌంట్ ఎవరి వాటాలోంచి పోతుందో, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారో, అమ్ముడుపోనివి ఎప్పుడు వెనక్కొస్తాయో కాగితం మీద ఉండాలి. మన దగ్గర కాపీరైట్ చట్టం సెక్షన్ 53ఎ ఉంది: 10 వేల రూపాయలు దాటిన మళ్లీ అమ్మకంలో 10 శాతానికి మించకుండా వాటా. దీన్ని అడగడానికి సిగ్గుపడక్కర్లేదు.

అపోహ: మ్యూజియంలు ఇప్పుడు వీళ్లనే కొంటున్నాయి. వాస్తవం: అమెరికాలో 31 మ్యూజియంలను పరిశీలిస్తే, 2008-2020 మధ్య సేకరించినవాటిలో నల్లజాతి అమెరికన్ కళాకారులవి 2.2 శాతం. నల్లజాతి అమెరికన్ స్త్రీలవైతే మొత్తంలో 0.5 శాతమే.

అపోహ: ఒక్కరికి చోటిస్తే మిగతావాళ్లకూ దారి పడుతుంది. వాస్తవం: నల్లజాతి శిల్పి విలియం ఎడ్మండ్‌సన్ శిల్పాలను న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం మోమా 1937లోనే చూపించింది. 1969లో అదే ఊళ్లోని మెట్రొపాలిటన్ మ్యూజియం, నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే హార్లెం పేట మీద పెట్టిన ప్రదర్శనలో మాత్రం హార్లెం చిత్రకారుల బొమ్మ ఒక్కటీ లేదు. నల్లజాతి చిత్రకారుడు బెన్నీ ఆండ్రూస్, తోటి కళాకారులు బయట ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు.

అపోహ: రసీదు లేని పాత బొమ్మ దేనికీ పనికిరాదు. వాస్తవం: ఇంట్లో పెద్దలు వేసిన బొమ్మలున్న కుటుంబాలు దీనికే ఎక్కువ బెంగపడతాయి గానీ, ఆధారం బొమ్మ మీదే ఉండొచ్చు. ముందు బొమ్మ తిప్పి చూడండి. వెనక గ్యాలరీ లేబుల్, ప్రదర్శన నంబర్, చెక్క చట్రం మీద పెన్సిల్ రాత ఏవైనా ఉంటే, బొమ్మ ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పే ఆధారం అవే. ఫ్రేమ్ మార్పించే తొందరలో అవి చెత్తబుట్టలో పడిపోతాయి. షాపుకు ఇచ్చే ముందే ముందూ వెనకా ఫొటోలు తీసి, కొలతలు రాసి, వెనకున్న పాత అట్టను కవర్లో పెట్టి బొమ్మతోపాటే ఉంచండి.