పిల్లల ఆసుపత్రిలో పరిశోధన: అపోహలు - వాస్తవాలు

పిల్లల మీద జరిగే క్లినికల్ ట్రయల్స్‌లో (మందులు, వైద్య పద్ధతులు ఎలా పనిచేస్తాయో పద్ధతిగా పరీక్షించే పరిశోధనల్లో) పనిచేస్తున్నాను. "మా బిడ్డ మీద ప్రయోగాలు చేస్తారా?" అని తల్లిదండ్రులు భయపడడం సహజమే. ఆ భయం వెనక ఉన్న కొన్ని అపోహల గురించి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పెద్దల మందునే బరువును బట్టి తగ్గించి ఇస్తే చాలు, పిల్లలకు వేరే పరిశోధన ఎందుకు?

వాస్తవం: 1950ల్లో పెద్దలకు బాగా పనిచేస్తున్న క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌ని అప్పుడే పుట్టిన బిడ్డలకూ ఇచ్చారు. పసికందు కాలేయానికి ఆ మందును వదిలించుకునే శక్తి ఇంకా వచ్చి ఉండదు. అది ఒంట్లో పేరుకుపోయి, బిడ్డలు బూడిద రంగుకు తిరిగి, కొందరు చనిపోయారు. ఈ రోజుకీ పిల్లల వార్డుల్లో వాడే చాలా మందులను పిల్లల్లో సరిగా పరీక్షించలేదు. డాక్టర్లు అనుభవంతో డోసు అంచనా వేసి ఇస్తున్నారు. అంటే ట్రయల్ లేకపోయినా ప్రయోగం జరుగుతూనే ఉంది. కాకపోతే ఏమైందో పద్ధతిగా రాసిపెట్టేవాళ్లు ఉండరు, ఆ అనుభవం తర్వాతి బిడ్డకు అందదు. నన్ను నిజంగా భయపెట్టేది ఇదే.

అపోహ: పరిశోధన అంటే కొత్త మందు, ఎక్కువ రిస్క్.

వాస్తవం: చాలాసార్లు మేం వెతికేది వైద్యాన్ని ఎంతవరకు తగ్గించవచ్చో. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు, అమినోప్టెరిన్ అనే మందుతో పిల్లల లుకేమియా (రక్త క్యాన్సర్) కొంతకాలం వెనక్కి తగ్గిందని ప్రకటించారు. ఇప్పుడు మంచి వైద్యం అందేచోట, పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకం లుకేమియా నుంచి 10 మందిలో దాదాపు 9 మంది బయటపడుతున్నారు. ట్రయల్ తర్వాత ట్రయల్ చేస్తూ వచ్చిన ఫలితం ఇది. జబ్బు మెదడుకు పాకకుండా ఒకప్పుడు తలకు రేడియేషన్ ఇచ్చేవారు. పిల్లలు బతికారు గానీ చాలామంది చదువులో, ఎదుగుదలలో వెనకబడ్డారు. దాని బదులు వెన్నులోకి మందు ఎక్కిస్తే సరిపోతుందా అని ట్రయల్స్‌లో చూశారు. ఇప్పుడు ఎక్కువమంది పిల్లలకు ఆ రేడియేషన్ అవసరమే రావడం లేదు.

ఆక్సిజన్ సంగతీ అంతే. 1940ల్లో నెలలు నిండని బిడ్డలకు మంచిదే కదా అని ఇంక్యుబేటర్‌లో ధారాళంగా పెట్టారు. వేలమందికి చూపు పోయింది. కారణం ఆ ఆక్సిజనేనని 1953లో అమెరికాలో మొదలైన ట్రయల్ తేల్చింది.

అపోహ: శాంపిల్స్ పేరుతో రక్తం లాగేస్తారు.

వాస్తవం: కిలో బరువుతో పుట్టిన బిడ్డ ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి సుమారు 90 మి.లీ. పరిశోధన కోసం ఒకసారికి అందులో 1 శాతం, నాలుగు వారాల్లో 3 శాతం దాటకూడదని యూరప్ మార్గదర్శకాలు చెబుతాయి. అంటే ఒకసారికి ఒక మిల్లీలీటరు కూడా కాదు. వీలైనంతవరకు వైద్యం కోసం ఎలాగూ గుచ్చే సూదితోనే దీన్నీ తీసుకుంటాం.

అపోహ: తల్లిదండ్రులు సంతకం పెడితే బిడ్డను అడగక్కర్లేదు.

వాస్తవం: ఊహ తెలిసిన పిల్లలకు వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి, వాళ్ల అంగీకారమూ తీసుకోవాలి. "ఎన్నిసార్లు గుచ్చుతారు? స్కూలు పోతుందా?" అని అడుగుతారు. సమ్మతి పత్రంలోని పేజీల కన్నా ఆ రెండు ప్రశ్నలే వాళ్లకు ముఖ్యం. కేవలం పరిశోధన కోసం అదనంగా తీసే రక్తానికి పిల్లాడు చెయ్యి వెనక్కి లాక్కుంటే, అమ్మ సంతకం ఉన్నా ఆ ట్యూబు పక్కన పెట్టేయాల్సిందే.

అపోహ: ఒకసారి చేరితే మధ్యలో మానేయలేం.

వాస్తవం: ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు. మామూలు వైద్యం ఆగదు. సంతకానికి ముందు పత్రాన్ని ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా చదవండి. చేరకపోతే ఏ వైద్యం ఇస్తారు, చేరితే అదనంగా ఏమేం చేస్తారు, హాని జరిగితే ఖర్చు ఎవరు భరిస్తారు, ఈ మూడూ తప్పకుండా అడగండి.